ఎడమ సగం

ఐదోసారి కూడా రంగడు కదల్లేదు.

ఊరి మధ్య బావి పక్కన నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉన్నాడు. నీలం అంగీ, భుజాన బారెడు కత్తి, చింతగింజంత తల. చుట్టూ కోళ్లు తిరిగాయి. నీళ్ల కుండతో ఒకావిడ పద్దెనిమిదిసార్లు అటూ ఇటూ పోయింది. రంగడు మాత్రం రమ్మన్నవాళ్లు ఇంకా ఇంటికి రాకపోతే వీధిలో నిలబడ్డ చుట్టంలా ఉండిపోయాడు. ఒక్కోసారికి ఇచ్చే నలభై నిమిషాలూ అయిపోయాయి.

తెర మీది ఆ బొమ్మను నడిపించాల్సింది మీటలు కాదు, మనిషి. ఆ మనిషి గాజు గోడకు అవతల మంచం మీద, తలకు తీగల టోపీతో, నాలుగు నెలలుగా కళ్లు మూసుకుని పడున్నాడు. పేరు ఫణీంద్ర, వయసు నలభై మూడు, పని కరెంటు లైన్‌మాన్. గాలివానకు తెగిన తీగ కలపడానికి ఎక్కి, స్తంభం మీంచి జారి పడ్డాడు. ఊరందరికీ వెలుగు తెప్పించేవాడు తానే చీకట్లో ఉండిపోయాడని చుట్టాలు తలా ఒకసారి అన్నారు. ఆ మాట విన్న ప్రతిసారీ అతని అక్క వకుళకు వాళ్ల నోళ్లు కుట్టేయాలనిపించింది.

"ఆపేద్దాం దైవసహాయంగారూ" అంది డాక్టర్ షాహీన్. విశాఖలో కొండ మీద ఉన్న ఆ ప్రయోగశాల ఆమెది. తెర పక్కన కూచున్న పెద్దాయన మీట దించాడు. ఊరూ, కోళ్లూ, రంగడూ మాయమయ్యారు. పక్కనున్న చిన్న డబ్బాలో అంకె మాత్రం మిగిలింది. ఇరవై రెండు. మొదటిసారి అది ఎనభై ఒకటి.

"ఇంకా రెండుసార్లు ఉంది కదండీ" అంది వకుళ.

"ఉంది. కానీ ప్రతిసారీ అంకె పడిపోతోంది. పది కిందికి దిగితే మనం పిలిచినా వినే భాగం ఉండదు. ఏడోసారి తరువాత మాకు అనుమతి కూడా లేదు."

"తరవాత?"

"ఇంటికి తీసుకెళ్లొచ్చు" అంది షాహీన్. పిడుగులాంటి మాటలన్నీ డాక్టర్లు ఇంత మెత్తగానే చెబుతారు.

షాహీన్ కనిపెట్టిన యంత్రం పేరు ఆవరణం. అంతకుముందు చాలామంది కోమాలో ఉన్నవాళ్లకు ఇంటి ఫొటోలు చూపించారు, పిల్లల గొంతులు వినిపించారు. ఒకరిద్దరు తప్ప ఎవరూ పలకలేదు. షాహీన్ పట్టుకున్న రహస్యం చిన్నదే. మెదడు ఒక చోటును బొమ్మగా దాచుకోదు, అభిప్రాయంగా దాచుకుంటుంది. ఈ మెట్టు చిరాకు, ఆ మూల భయం, ఆ కిటికీ హాయి. బొమ్మ ఒక్కటే చూపిస్తే మెదడు క్యాలెండరు చూసినట్టు చూసి ఊరుకుంటుంది. బొమ్మకు ఆ అభిప్రాయాల బరువు కూడా తగిలిస్తే అది తన చోటేనని లేచి కూచుంటుంది. ఒక్క మూల లేస్తే చాలు, అక్కణ్ణించి మిగతా మెదడంతటినీ లేపే దారి ఆమెకు తెలుసు.

"మీ తమ్ముడికి ప్రపంచంలో అన్నిటికంటే బాగా తెలిసిన చోటేది?" అని మొదటిరోజే అడిగింది. వకుళ ఆలోచించలేదు. చిలకలూరిపేటలో వాళ్లుండిన ఇల్లు రోడ్డు వెడల్పులో పోయింది. అయినా ఇల్లు కాదు ఫణికి తెలిసింది.

"ఒక వీడియో ఆటలో ఊరండీ" అంది, కొంచెం సిగ్గుపడుతూనే.

షాహీన్ నవ్వలేదు. పైగా ఎగిరి గంతేసినంత పని చేసింది. ఎందుకంటే 'నీలి గోపురం' అనే ఆ పాత జపాను ఆట మీద ముప్ఫై ఏళ్లుగా ఆటగాళ్లు పోట్లాడుకుంటూనే ఉన్నారు. ఇంటర్నెట్‌లో దొరికిన అభిప్రాయాలే పదకొండు వేలు. ఒక్కో గుమ్మం మీద, ఒక్కో భూతం మీద, ఒక్కో పాట మీద జనం కడుపులో ఉన్నదంతా కక్కేశారు. వాటన్నిటినీ యంత్రానికి పోశారు. ఊరు తయారైంది. నలభై నిమిషాల్లో దాటేలా దారంతా కుదించి, చివర్లో గోపురం తలుపు పెట్టారు. ఫణి ఆ తలుపు దాకా వెళ్లి తెరవగలిగితే, తెరవాలన్న ఆ కోరికే ఒక కెరటంగా లేచి మనిషిని మంచం దాకా లాక్కొస్తుంది.

అంతా బాగానే ఉంది. ఫణి ఊళ్లోకి వచ్చాడు కూడా. వచ్చి బావి పక్కన ఆగిపోయాడు.

*

వకుళ నరసరావుపేటలో హిందీ టీచరు. సెలవు పెట్టి, కొండ దిగువన ఒక లాడ్జిలో ఉంటోంది. పొద్దున్నే ఎలక్ట్రిక్ పొయ్యి మీద ఉప్మా వండుకుని, దాన్ని చల్లారనిచ్చి, షాహీన్ ఇచ్చిన కాగితాల కట్ట ముందేసుకుని కూచునేది. పదకొండు వేల అభిప్రాయాలు. ఫణి ఎందుకు కదలడంలేదో వాటిల్లో ఎక్కడో ఉంటుందని ఆమె ఆశ.

"పాతిక గంటలు ఆడితే చివరికి చూపించింది నల్లటి తెర, నాలుగు ముక్కలు. ఇంత దగా ఇంకెక్కడా చూడలేదు" అని ఒకాయన రాశాడు.

"జిగురు మడుగు దాటేసరికి నాకు గడ్డం వచ్చింది. ఈ ఆట తయారుచేసినవాణ్ని ఆ మడుగులోనే ముంచాలి" అని ఇంకొకాయన.

"పడవ మీద ముసలాయన దేనికి? ఏమీ ఇవ్వడు, ఎప్పుడూ ఒకే మాట అంటాడు. పనికిమాలిన పాత్ర."

ఇది చదివినప్పుడు వకుళ కాగితాన్ని మంచం మీద విసిరికొట్టింది. "నీకేం తెలుసురా తాత సంగతి!" అంది పైకే. తెలియని మనిషితో, అదీ ఏ దేశంలోనో ఉన్నవాడితో, లాడ్జి గదిలో ఉప్మా గిన్నె సాక్షిగా తగవుపడింది.

వాళ్ల నాన్న టేపురికార్డర్లు బాగుచేసేవాడు. ఎవరో బాగుచేయమని ఇచ్చి మళ్లీ రాని ఆటపెట్టె ఒకటి రెండేళ్లు చూసి చూసి ఇంటికి తెచ్చాడు. దాంట్లో ఉన్నది ఒక్కటే ఆట. అక్షరాలన్నీ జపాను భాష. అందులో ఒక్క ముక్క తెలిస్తే ఒట్టు. అయినా పిల్లలిద్దరూ దాన్ని వదల్లేదు. వీరుడికి రంగడని పేరు పెట్టారు. పడవ ముసలాయనకు తమ తాత పేరే పెట్టేశారు. కథంతా తామే చెప్పుకున్నారు.

ఆటను దాచుకునే ఏర్పాటు ఆ పెట్టెలో ఎప్పుడో చెడిపోయింది. ఆపితే మళ్లీ బావి దగ్గర మొదలు. అందుకని ఆపేవాళ్లు కాదు. టీవీ మీద దుప్పటి కప్పి, పెట్టెను రెండు మూడు రోజులు అలాగే వదిలేసేవాళ్లు. కరెంటు పోతే అన్నీ పోయినట్టే. వేసవిలో మధ్యాహ్నాలు కరెంటు పోనిది ఎప్పుడు గనక. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఏడవకుండా, వచ్చేదాకా కదలకుండా కూచునేవాళ్లు. ఫణి లైన్‌మాన్ అయింది అందుకేనని వకుళకు గట్టి నమ్మకం. అడిగితే నవ్వేవాడు.

ఒక్కసారి మాత్రం గోపురం తలుపు దాకా వెళ్లారు. ఆమెకు పదిహేను, వాడికి పదకొండు. తెల్లారితే ఆమె ఇంటరు చదువుకని విజయవాడ హాస్టలుకు పోవాలి. తలుపు ముందు నిలబడ్డారు. అప్పుడు టీవీ ఆరిపోయింది. "కరెంటు పోయింది రా" అంది వకుళ. వాడు ఒకసారి తలెత్తి పైకి చూశాడు.  తరువాత "పోన్లే అక్కా" అన్నాడు. మళ్లీ ఎప్పుడూ ఆడలేదు.

ఈ సంగతి కూడా వకుళ షాహీన్‌కు చెప్పింది. అంతా కాదు. ఒక్క ముక్క దాచుకుంది.

*

ఆరోసారి మధ్యాహ్నం రెండింటికి మొదలుపెట్టారు. ఈసారి నీళ్ల కుండ ఆవిణ్ని రంగడికి ఎదురుగా తెచ్చి నిలబెట్టారు. వెంటనే తెర కింద ఒక గీత నిక్కింది. ఫణి కుడి బొటనవేలు దుప్పటి మీద చటుక్కున నొక్కింది.

"పలకరించాడు! ఆవిణ్ని పలకరించాడు!" అంది వకుళ గాజు గోడకు అతుక్కుపోయి.

పాముని వదిలారు. బొటనవేలు నొక్కింది. రంగడు కత్తి దూశాడు, పాము చచ్చింది. నిధి పెట్టెను ముందు పెట్టారు. తెరిచాడు. కానీ ఒక్క అడుగు, ఒకే ఒక్క అడుగు వేయమంటే మాత్రం వేయలేదు. నలభై నిమిషాలు ముగిశాయి. అంకె పదమూడు.

షాహీన్ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "కుడిచేతి పనులన్నీ చేస్తున్నారు. నడకకు ఆటగాళ్లు ఎడమచెయ్యి వాడతారు. ఆ వైపు భాగం దెబ్బతినిపోయినట్టుంది వకుళగారూ. పైగా ఎడమచెయ్యి నడపకుండా ఊరికే పిడికిలి బిగిస్తోంది. ఇదిగో, ఆరుసార్లూ ఇంతే. ఏదో పట్టుకున్నట్టు. అది దేనికో మాకు అర్థం కావడంలేదు."

"ఏడోసారి చెయ్యరా?"

"చేసి ఏం లాభమో చెప్పండి, చేస్తాను."

 వకుళ అక్కడే స్టూలు మీద కూలబడింది. ఆమెకు ఏడుపు కూడా రాలేదు, అంత అలిసిపోయింది.

దైవసహాయం మంచినీళ్లు తెచ్చిచ్చాడు. భీమిలి మనిషి, అరవై దాటాయి. పరీక్షల కోసం తెప్పించిన పాత ఆటపెట్టె తీసి ఆమె ముందు పెట్టాడు. "ఓపాలి ఆడండమ్మా. మీ తమ్ముడు ఆడిన ఆటే గదా. మనసు తేలికవుద్ది."

ముప్ఫై రెండేళ్ల తరువాత వకుళ ఆ మీటల పలకను చేతుల్లోకి తీసుకుంది. రంగడు బావి దగ్గర కనిపించాడు. ఆమె ఎడమ బొటనవేలు దానంతటదే కదిలింది. రంగడు బావి చుట్టూ తిరిగి, కోళ్ల మధ్యనుంచి తప్పుకుని, ఒక్కచోటా గోడకు తగలకుండా ఊరి పొలిమేర దాటేశాడు. దైవసహాయం నోరు తెరిచి చూశాడు.

పొలిమేరలో మొదటి పాము వచ్చింది. అది కరిచింది. మళ్లీ కరిచింది. రంగడు చచ్చిపోయాడు.

"కొట్టలేదేటమ్మా?"

మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ అంత చక్కగా నడిచింది. మళ్లీ పాము కరిచి చంపింది. దైవసహాయం ఆపుకోలేక నవ్వేశాడు. "కుడిసెయ్యి అద్దెకిచ్చీసారేటమ్మా?"

వకుళ తన కుడిచేతి వంక చూసుకుంది. అది పలక మీద లేదు. పక్కన ఎవరో కూచున్నట్టు, గాలిలో, స్టూలు వెనక్కి చాచి ఉంది.



ఆ ఆటపెట్టెకు రెండు పలకలుండేవి. ఒకదాని తీగ ఎలుకలు కొట్టేశాయి. మిగిలినదాని కోసం పిల్లలు జుట్లు పట్టుకుంటే నాన్న విసుగొచ్చి తీర్పు చెప్పాడు. "చెరో సగం ఆడుకోండి. లేదంటే పొయ్యిలో పెడతా." చెరో సగమే ఆడారు. నడిపించే ఎడమ సగం ఆమెది, నొక్కే కుడి సగం వాడిది. పలక ఒక్కటే కాబట్టి ఒకరినొకరు అతుక్కుని కూచోవాలి. ఆమె కుడిచెయ్యి వాడి భుజం మీద ఉండేది. వాడి ఎడమచెయ్యి ఆమె వెనకనుంచి ఓణీ చెంగు పిడికిట్లో పట్టుకునేది. నాలుగేళ్లు అలాగే ఆడారు. ఆట అంటే అలాగే ఆడతారనుకున్నారు. అది చెప్పాల్సిన సంగతని కూడా ఆమెకు ఎప్పుడూ తోచలేదు.

"దెబ్బ తినలా!" అని అరిచింది వకుళ. గది గదంతా ఉలిక్కిపడింది. "డాక్టరుగారూ, వాడికి ఏ దెబ్బా తగల్లేదండీ. వాడెప్పుడూ నడవలా. నడిపించేది నేను. వాడు నా కోసం చూస్తున్నాడు!"

షాహీన్ పరుగెత్తుకొచ్చింది. విన్నది. చాలాసేపు ఆ పిడికిలి గీతలే చూస్తూ కూచుంది. పదకొండు వేల అభిప్రాయాల్లో ఒక్కదాంట్లోనూ 'మేం ఆడాం' అని లేదు. అందరూ ఒంటరిగా ఆడినవాళ్లే. ఆ ఒంటరివాళ్ల ఊరిలో ఫణి అక్క కోసం బావి దగ్గర ఆరుసార్లు నిలబడ్డాడు.

*

"మీ తలలో ఉన్న ఆటనే మీ తమ్ముడికి అందేలా చేయొచ్చు. కానీ చేయమని నేను చెప్పను" అంది షాహీన్.

రాసిన అభిప్రాయం వేరు, బతికున్న మనిషి తలలోని అభిప్రాయం వేరట. కాగితం మీదిది ఎన్నిసార్లు వాడినా అరగదు. మనిషి నుంచి నేరుగా తీసి ఇంకొకరికి అందించాలంటే దాన్ని నలభై రెట్లు పెంచాలి. అంత జోరుకు, ఓల్టేజి ఎక్కువై బల్బు మాడిపోయినట్టు, ఇచ్చినవాళ్ల తలలో అది మాడిపోతుంది. ఏం జరిగిందో గుర్తుంటుంది. దానికి అంటుకుని ఉన్నది ఉండదు.

"ఎంతవరకు పోతుంది?"

షాహీన్ బదులు దైవసహాయమే చెప్పాడు. "మొట్టమొదట నా మీదే సూసుకున్నామమ్మా. చర్చిలో సిన్నప్పణ్ణించి పాడేవోణ్ని. ఆ చర్చినే ఇచ్చీసేను. ఇప్పుడూ ఆదివారం ఆదివారం ఎల్తాను. పాటలన్నీ వచ్చు. బస్టాండులో కూకున్నట్టుంటాది." అని గోడ వంక తిరిగి ఏదో సర్దుకున్నాడు.

ఆ సాయంత్రం వకుళ కూతురు మేదిని ఫోన్లో గొడవపెట్టుకుంది. "అమ్మా, నీకేమన్నా పిచ్చా? మావయ్యంటే నీకున్నదంతా ఆ ఆటే కదా! రోజూ చెప్పే కథలన్నీ అవే కదా! అవి పోతే ఇంకేం మిగిలిద్ది?"

"మావయ్య మిగుల్తాడు."

"నీకా?"

వకుళ ఫోను పెట్టేసింది. బజారుకు వెళ్లి నూరు పేజీల నోటుపుస్తకం కొనుక్కొచ్చింది. రెండు రోజులు కూచుని రాసింది. జిగురు మడుగు దాటుతూ మరమరాలు తినేవాళ్లం. అందరికీ అది నరకం, మాకు అదే ఇష్టం, ఎందుకంటే అక్కడే అన్నిటికంటే ఎక్కువసేపు పట్టేది. వంతెన మీద ఇద్దరం ఊపిరి బిగబట్టేవాళ్లం, ఊపిరి వదిలితే కరెంటు పోతుందని. తాతతో ఫణి ముప్ఫైసార్లు మాట్లాడేవాడు. తాత ఒకే మాట అంటే వీడు ప్రతిసారీ ఒక కొత్త జవాబు చెప్పేవాడు. చివరి పేజీల్లో తనకు తానే హిందీ పాఠాల్లో లాగా అంకెలు వేసి జాగ్రత్తలు రాసుకుంది. రాస్తున్నంతసేపూ పరాయి ఊరు పోయే పిల్లకు పెట్టె సర్దుతున్నట్టే ఉంది.

*

ఏడోసారి ఆమెను గాజు గోడ అవతలికి తీసుకెళ్లారు. ఫణి మంచం మీద అతని ఎడమ పక్కన కూచుంది. తలకు రెండో టోపీ పెట్టారు. ఆమె కుడిచెయ్యి అతని భుజాల చుట్టూ వేసింది. మనిషి సగమైపోయాడు, ఎముకలు గుచ్చుకున్నాయి. అతని ఎడమచేతిని తీసి తన వెనక్కి పెట్టుకుంది. ఆ పిడికిలి తడుముకుని, తడుముకుని, చీర చెంగును పట్టుకుంది.

"అంకె పదకొండు" అన్నాడు దైవసహాయం.

"పద రా ఫణీ" అంది వకుళ.

రంగడు అడుగు వేశాడు.

షాహీన్ చేతిలో కాగితాలు కిందపడ్డాయి. రంగడు బావి దాటాడు. కోళ్లు తప్పుకున్నాయి. పాము వస్తే కుడి బొటనవేలు నొక్కింది, అది చచ్చింది. అంకె ఇరవై, ముప్ఫై, నలభై ఆరు. వకుళకు మొదట నాన్న సీసం కరిగించే వాసన కొట్టింది. తలుపులు మూసిన మధ్యాహ్నం వేడి తగిలింది. అంత గట్టిగా, అంత దగ్గరగా ఆ రోజులు ఆమెకు ఎప్పుడూ రాలేదు. వెనువెంటనే పోయాయి. వెనక్కి తిరిగి చూస్తే ఊరు లేదు, గోధుమరంగు చదరాలున్నాయి.

జిగురు మడుగు వచ్చింది. మరమరాల కరకర నోట్లో వినిపించింది. ఆమె పకపకా నవ్వింది కూడా. అవతలి గట్టు ఎక్కేసరికి ఎందుకు నవ్విందో తెలియలేదు. పన్ను పీకించుకున్న చోట నాలుక తడిమినట్టు మనసు వెతుక్కుంది, ఏమీ దొరకలేదు. వంతెన మీద ఊపిరి బిగబట్టింది. దిగాక, ఇది పొడుగ్గా ఉందే అనుకుంది, అంతే. పడవ దగ్గర ఫణి బొటనవేలు ఆగకుండా నొక్కుతూనే ఉంది. పది, ఇరవై, ముప్ఫై. అతని పెదవులు కదిలాయి. ఆ ముసలాయనకు ఏదో జవాబు చెబుతున్నాడు. వకుళ చెంపల మీద నీళ్లు కారుతున్నాయి. పడవ దాటాక తుడుచుకుంటూ, ఈ ముసలాయనతో ఇంత సేపెందుకో అనుకుంది.

గోపురం తలుపు.

రంగడు దాని ముందు నిలబడ్డాడు. బొటనవేలు నొక్కలేదు.

"నొక్కు రా ఫణీ. ఒకటి, రెండు, నొక్కు." ఏ పెద్ద తలుపు ముందైనా అలాగే చెప్పేదాన్నని పుస్తకంలో రాసుకుంది, అందుకే చెప్పింది. మాటలో పస లేదు. బొటనవేలు కదల్లేదు.

అంకె ముప్ఫై. ఇరవై. పదిహేను.

"మీరిచ్చేది అయిపోతోంది" అంది షాహీన్. "వకుళగారూ, మీ దగ్గర ఇంకేమన్నా ఉందా? ఈ తలుపు గురించి. ఏదైనా సరే!"

ఉంది. పుస్తకంలో ఒక్క ముక్కగా రాసి, వివరం రాయనిది ఒకటుంది. ముప్ఫై రెండేళ్లుగా ఎవరికీ చెప్పనిది, తన శిక్షగా తనే ఉంచుకున్నది. దాన్ని కూడా ఇచ్చేయాలని ఆమె అనుకోలేదు. సిగ్గుపడాల్సిందైనా అది తనది.

పన్నెండు. పదకొండు.

వకుళ అతని చెవి దగ్గర నోరు పెట్టింది.

"ఒరే, ఆ రోజు కరెంటు పోలా రా. నేనే. కాలి బొటనవేలితో ప్లగ్గు తీగ లాగేశా. రేపు నేను పోతున్నా గదా. నేను పోయినాక ఎదురింటి బాజీగాడు నీ పక్కన కూచుంటాడు, నా సగం వాడు పట్టుకుంటాడు అనుకున్నా. అయిపోతే ఇంక నీకు నేను అక్కర్లేదనుకున్నా. నువ్వు తలుపు ముందుదాకా వచ్చావు రా, నేను చీకటి చేశా. స్తంభం మీంచి పడ్డావని ఫోనొచ్చినప్పుడు కూడా నాకు ముందు అదే గుర్తొచ్చింది. నన్ను క్షమించు రా. నొక్కు. ఈసారి పీకను. నొక్కు!"

అంకె ఎంతకు ఎగిరిందో దైవసహాయం తరువాత చెప్పలేకపోయాడు. డబ్బాలో గాజు పగిలింది. ఆమె లోపల ఏదో భగ్గున మండింది. చాలా పాతది, చాలా బరువైనది. అది మండుతున్నంతసేపూ ఆమె తమ్ముణ్ని గుండెకు అదుముకుని గొంతెత్తి ఏడ్చింది.

బొటనవేలు నొక్కింది.

తలుపు తెరుచుకుంది. లోపల నల్లటి తెర, దాని మీద అర్థం తెలియని నాలుగు జపాను ముక్కలు. పదకొండు వేల మందిలో ఒకాయన దగా అన్నది దాన్నే. ఆ అక్షరాల వెలుగులో ఫణి కళ్లు తెరిచాడు.

గది నిండా కేకలు. షాహీన్ కూలబడి ఏడుస్తోంది. దైవసహాయం ఆమె వీపు తడుతున్నాడు. వకుళ తల మీది టోపీ తీసి పక్కన పెట్టింది. చెంపలు ఎందుకు తడిశాయో చూసుకుని, చెంగుతో తుడుచుకోబోయింది. చెంగు ఎవరో పట్టుకుని ఉన్నారు.

*

ఫణికి మాట రావడానికి ఐదు వారాలు పట్టింది. వకుళ రోజూ పొద్దున్నే వార్డుకు వచ్చేది. జావ తాగించేది, దుప్పటి సర్దేది, మందులు వేళకు వేసేది. నర్సులు ఆమెను చూసి అక్కంటే ఇలా ఉండాలి అనుకునేవాళ్లు. ఆమె ఒక్క పని కూడా మరిచిపోలేదు. అన్నీ నోటుపుస్తకంలో ఉన్నాయి.

ఒకరోజు పదింటి వేళ కిటికీలోంచి ఎండ పడుతోంది. ఫణి వెల్లకిలా పడుకుని పైకప్పు వంక చూస్తున్నాడు. పక్కన స్టూలు మీద వకుళ బత్తాయి వలుస్తోంది.

"అక్కా."

"ఊఁ."

"ఆ రోజు ఫ్యాను తిరగతానే ఉందక్కా."

వకుళ తలెత్తింది. "ఏ రోజు?"

"నువ్వు ప్లగ్గు పీకిన రోజు." మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటూ చెప్పాడు. "కరెంటు పోయిందన్నావు. పైకి చూశా. ఫ్యాను తిరగతానే ఉంది. నాకప్పుడే తెలుసు. తెల్లారితే పోయేదానివి, ఏడస్తావని అనలా." కళ్ల చివర్లనుంచి నీళ్లు చెవుల్లోకి జారాయి. అతను నవ్వుతున్నాడు. "నేను మాత్రం ఎవురితో ఆడతానే పిచ్చిదానా. నాకు నడిపేది రాదుగా."

ఈ మాట కోసం తను ముప్ఫై రెండేళ్లు ఎదురుచూసిందని వకుళకు తెలుసు. పుస్తకంలో పద్నాలుగో పేజీలో ఉంది: 'ప్లగ్గు నేనే లాగాను. వాడికి తెలియదు. తెలిస్తే ఏమంటాడో అని ఇప్పటికీ భయం.' ఆ భయం కోసం లోపల వెతికింది. ఈ మాట వినగానే రావలసిన ఏడుపు కోసం కూడా వెతికింది. మంచం మీద పడుకున్న ఆ మనిషి మంచివాడిలా ఉన్నాడు. అతని కోసం ఆమెకు జాలేసింది.

"పోన్లే రా" అంది. అలా అంటే బాగుంటుందనిపించింది.

ఫణి ఎడమచెయ్యి దుప్పటి మీంచి మెల్లగా జరిగి, స్టూలు అంచు తడిమి, ఆమె చీర చెంగును పిడికిట్లో పట్టుకుంది. వకుళ దాని వంక చూసింది. పైన ఫ్యాను తిరుగుతోంది.

పుస్తకం చివరి పేజీలో, జాగ్రత్తల్లో తొమ్మిదోది: చెంగు పట్టుకుంటే లాక్కోవద్దు.

ఆమె లాక్కోలేదు.